ఎస్సై గారు బందోబస్తులో ఉన్నారు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సిటీ బస్సులో ఫోను పోయింది. స్టేషన్‌కు వెళితే "ఎస్సై గారు బందోబస్తులో ఉన్నారు, రేపు రండి" అన్నారు. మర్నాడు వెళితే మళ్లీ అదే మాట. ఇన్ని కెమెరాలు, ఇన్ని కార్లు, బంజారాహిల్స్‌లో అంతెత్తు కమాండ్ సెంటర్ ఉండి కూడా ఒక ఫిర్యాదు రాసుకునే దిక్కు లేదా, అసలు హైదరాబాద్ పోలీసు శాఖ ఎలా పుట్టింది, రోజంతా ఏం చేస్తుంది అని అడిగారు. కోపంలో అడిగినా ప్రశ్న మాత్రం సరైనదే.

నేను 33 ఏళ్లు ఈ నగరంలోనే పనిచేసి రిటైరయ్యాను. అందులో సగానికి పైగా స్టేషన్ రైటర్‌గా గడిచింది. రైటర్ అంటే కేసు కాగితాలన్నీ రాసిపెట్టే హెడ్ కానిస్టేబుల్. దొంగల వెంట పరిగెత్తేవాళ్లను సినిమాల్లో చాలామందినే చూసి ఉంటారు. కుర్చీలో కూర్చుని రాసినవాడి మాట కూడా ఒకసారి వినండి.

మీకు చెప్పిన జవాబు సాకు కావచ్చు, నిజమూ కావచ్చు. నా అనుభవంలో ఎక్కువసార్లు నిజమే. ఈ నగరం తన పోలీసులకు మొదటి నుంచీ అప్పగించిన పెద్దపని గుంపును కాయడం. దొంగను పట్టడం ఆ తర్వాతి వరుసలో ఉంటుంది. ఎందుకలా అయిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

కొత్త కమిషనర్ వచ్చినప్పుడల్లా మన పత్రికలు "నగరానికి కొత్త కొత్వాల్" అని శీర్షిక పెడతాయి. అలవాటుగా రాసేస్తారు గానీ ఆ మాట ఊరికే నిలవలేదు. కొత్వాల్ అంటే కోటను కాచేవాడు, మన కోటపాలుడే. నగరం గోడ లోపల ఉన్నంతకాలం దర్వాజాలు, రాత్రి గస్తీ, బజార్లు, తగాదాలు అన్నీ ఆయన కిందే. నగర పోలీసు తన వయసును 1847 నుంచి లెక్కపెట్టుకుంటుంది. కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల పోలీసుకు ఇంగ్లీషువాళ్లు చట్టం చేసింది 1856లో. అంటే మన లెక్క దానికంటే తొమ్మిదేళ్లు ముందుది, పైగా వేరే వంశానిది. వాళ్లది లండన్ నుంచి దిగిన నమూనా. మనది మొగలాయి కాలం నుంచి వచ్చిన కొత్వాలీ.

ఆనాటి హైదరాబాద్‌ను ఊహించుకోండి. నిజాం సైన్యం ఒకటి, జాగీర్దార్ల సొంత బలగాలు కొన్ని, అరబ్బు జమాదార్ల మనుషులు, రొహిల్లాలు. వీధిలో కత్తి లేకుండా తిరిగేవాడే తక్కువ. అలాంటి ఊళ్లో కొత్వాల్ రాత్రి నిద్రపోకుండా ఆలోచించేది జేబుదొంగ గురించి కాదు. ఏ రెండు దళాలు ఎక్కడ ఎదురుపడతాయి, ఏ ఊరేగింపు ఏ దారిన పోతుంది, శుక్రవారం నమాజు తర్వాత జనం ఎటు కదులుతారు? ఇదే ఆయన దిగులు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ వెంట జనం కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ, అంటే ఇంగ్లీషువాళ్ల ప్రతినిధి ఉండే భవనం, మీదికి వెళ్లినప్పుడు ఆ దిగులు ఎంత నిజమో తెలిసింది. ఆ తర్వాత మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉండి జిల్లాల్లో పోలీసును ఒక శాఖగా తీర్చాడు. నగర కొత్వాలీ మాత్రం వేరుగానే నడిచింది. జిల్లాలో మొహతమీం (ఇప్పటి ఎస్పీ లాంటివాడు), ఠాణాలో అమీన్ ఉండేవారు. మా ఊరి పెద్దవాళ్లు నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కూడా ఎస్సైని "అమీన్ సాబ్" అనేవాళ్లు.

ఇంకో తమాషా. ఇప్పటి సుల్తాన్‌బజార్, కోఠీ చుట్టుపక్కలను అప్పుడు రెసిడెన్సీ బజార్లు అనేవారు. అక్కడ చెల్లేది ఇంగ్లీషువాళ్ల అధికారం. 1933లో గానీ అవి నిజాం చేతికి తిరిగి రాలేదు. సికింద్రాబాద్ అయితే 1945 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే మూసీ దాటి నాలుగు వీధులు నడిస్తే దొంగ వేరే ప్రభుత్వంలోకి వెళ్లిపోయేవాడు. "అది మా పరిధి కాదండీ" అనే మాట మీద మీకు ఎంత కోపమున్నా, దాని వెనక ఇంత చరిత్ర ఉంది.

కొత్వాళ్లలో జనం నోట నిలిచిపోయిన పేరు రాజా బహదూర్ వెంకటరామారెడ్డి. 1869లో వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో పుట్టాడు. అమీన్‌గా మొదలై 1920లో నగర కొత్వాల్ అయ్యాడు. ఏడో నిజాం కాలంలో ఒక హిందువు, అదీ తెలుగువాడు, ఆ కుర్చీలో పద్నాలుగేళ్లు కూర్చోవడం చిన్న విషయం కాదు. 1922లో ఇంగ్లండు యువరాజు హైదరాబాద్ వచ్చినప్పుడు బందోబస్తు ఆయన చేతి మీదుగానే సాగింది. దేశమంతా సహాయ నిరాకరణ నడుస్తున్న రోజులవి. ఆయన పేరు చెప్పగానే చదువుకున్నవాళ్లకు ఆయన పెట్టించిన రెడ్డి హాస్టల్ గుర్తొస్తుంది, పోలీసులకు హిమాయత్‌సాగర్ దగ్గరి అకాడమీ గుర్తొస్తుంది. తెలంగాణ పోలీసు అకాడమీకి ఆయన పేరే పెట్టారు. శిక్షణలో ఎండకు మాడుతూ ఆ పేరున్న బోర్డు ముందు నుంచి పరుగెత్తే కుర్రవాళ్లలో ఎంతమందికి ఆయనెవరో తెలుసునన్నది వేరే సంగతి.

ఆ కాలం నుంచి మిగిలింది పేర్లు మాత్రమే కాదు, చట్టం కూడా ఉంది. సభలు, ఊరేగింపులపై కమిషనర్ ఆంక్షలు పెట్టినప్పుడు పత్రికా ప్రకటన చివరి దాకా చదివి చూడండి. "హైదరాబాద్ నగర పోలీసు చట్టం, 1348 ఫస్లీ" అని ఉంటుంది. నేను రైటర్‌గా ఉన్నప్పుడు కొత్తగా వచ్చిన ఎస్సై ఒకాయన "అచ్చుతప్పు పడింది, 1948 అని దిద్దండి" అన్నాడు. తప్పేమీ లేదు. ఫసల్ అంటే పంట. పంటల శిస్తు కోసం పుట్టిన లెక్క అది. దానికి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. అంటే 1938-39. నిజాం పోయాడు, 1948 సెప్టెంబరులో సైనిక చర్య జరిగింది, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది, 2014లో తెలంగాణ వచ్చింది. ఆ చట్టం మాత్రం అలాగే బల్ల మీద ఉంది.

జిల్లా ఎస్పీకీ నగర కమిషనర్‌కూ తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. జిల్లాలో నిషేధాజ్ఞలు, ఆయుధ లైసెన్సులు, గొడవలు చేస్తాడని అనుమానమున్నవాణ్ని బైండోవర్ చేయడం (సవ్యంగా ఉంటానని పూచీ రాయించుకోవడం) లాంటివి కలెక్టరు, ఆర్డీఓ, తహసీల్దార్ల ద్వారా నడుస్తాయి. పోలీసు అడగాలి, రెవెన్యూ వాళ్లు ఇవ్వాలి. కమిషనరేట్‌లో ఆ మేజిస్ట్రేటు అధికారం పోలీసు అధికారి చేతిలోనే ఉంటుంది. రాత్రి పదకొండింటికి రెండు వీధుల మధ్య రాళ్లు పడితే కలెక్టరు సంతకం కోసం ఎదురుచూడక్కర్లేదు. సౌకర్యమే. కాకపోతే అడిగేవాడూ ఇచ్చేవాడూ ఒకే శాఖ అయినప్పుడు మధ్యలో ఆగి ఆలోచించే మనిషి ఒకడు తగ్గుతాడు. ఈ మాట నౌకరీలో ఉండగా అనలేదు, ఇప్పుడు అంటున్నాను.

ఇక బందోబస్తు సంగతి.

స్టేషన్‌లో మా క్యాలెండర్ మీ ఇంట్లో ఉన్నదానిలా ఉండదు. మొహర్రంలో డబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం అనే పీరు ఏనుగు మీద బయలుదేరి చాదర్‌ఘాట్ చేరాలి. ఆషాఢంలో బోనాలు ముందు గోల్కొండ, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి, ఆపైన లాల్‌దర్వాజా. శ్రీరామనవమి, హనుమాన్ జయంతి శోభాయాత్రలు. రంజాన్ నెలంతా చార్మినార్ దగ్గర రాత్రి బజారు. ఇవికాక అసెంబ్లీ సమావేశాలు, ఇందిరాపార్కు ధర్నాలు, ఉప్పల్ క్రికెట్టు, ప్రముఖుల రాకపోకలు, ఎన్నికలు. అన్నిటికీ పైన వినాయక నిమజ్జనం.

నిమజ్జనం మీకు ఒక్కరోజు పండుగ. రైటర్‌కు రెండు నెలల పని. మండపాల దరఖాస్తులు వస్తాయి. నిర్వాహకుల పేర్లు, విగ్రహం ఎత్తు, ఏ రోజు కదులుతుంది, ఏ దారి, లారీ నంబరు అన్నీ రాసుకోవాలి. ఇప్పుడు ఆన్‌లైన్ వచ్చింది, మండపానికి క్యూఆర్ కోడ్ అంటిస్తున్నారు. మా కాలంలో పెద్ద బౌండు రిజిస్టరు ఉండేది. దరఖాస్తులో అయిదడుగులని రాస్తారు. వెళ్లి చూస్తే పదిహేను అడుగుల గణపయ్య నవ్వుతూ ఉంటాడు. దారిలో కరెంటు తీగలు ఎంతెత్తున ఉన్నాయో, ఏ చెట్టు కొమ్మ కొట్టించాలో, ఏ మలుపులో లారీ తిరగదో మళ్లీ లెక్క వేయాలి. బాలాపూర్ గణేశుడు చార్మినార్ మీదుగా అఫ్జల్‌గంజ్, మొజంజాహీ మార్కెట్, ఆబిడ్స్, బషీర్‌బాగ్ దాటి హుస్సేన్‌సాగర్ చేరాలి. 1954 నుంచి పెడుతున్న ఖైరతాబాద్ విగ్రహం చెరువుకు దగ్గరే అయినా, దాన్ని చూడటానికి వచ్చే జనమే ఒక ఊరంత. ఆ రోజుకు బయటి జిల్లాల వాళ్లను కూడా కలుపుకుని పాతిక వేల దాకా పోలీసులు రోడ్డు మీద ఉంటారు.

ఒక ఏడాది నాకు మొజంజాహీ మార్కెట్ కూడలిలో డ్యూటీ పడింది. పొద్దున ఆరింటికి నిలబడ్డాను. మధ్యాహ్నం పులిహోర పొట్లం వచ్చింది. రాత్రిది రాలేదు, తెచ్చే బండి గుంపులో చిక్కుకుపోయింది. తెల్లవారుజామున మూడు గంటలప్పుడు ఒక లారీ వెనక చక్రం ఊడినంత పనై నడిరోడ్డులో కూలబడింది. వెనక యాభై అరవై బళ్లు, ప్రతి బండి మీద డప్పులు. ముందు కదలిక ఆగిపోయింది. నిమజ్జనంలో పోలీసు భయపడేది శబ్దానికి కాదు, కదలిక ఆగడానికి. ఆగిన గుంపుకు విసుగు పుడుతుంది, పక్కవాడు కనిపిస్తాడు, ఎప్పటిదో పాత మాట గుర్తొస్తుంది. మా ఇన్‌స్పెక్టర్ గారు ఎవరినీ అరవలేదు. వెనక బళ్లను గాంధీభవన్ వైపు తిప్పించి, ఆ మండపం కుర్రవాళ్లనే పిలిచి, "మీ విగ్రహానికి కాపలా మీదే, చుట్టూ తాడు పట్టుకుని నిలబడండి" అని చేతికి తాడిచ్చారు. అప్పటిదాకా మా మీద కేకలేసినవాళ్లు వెంటనే వలంటీర్లు అయిపోయారు. నలభై నిమిషాల తర్వాత క్రేన్ వచ్చింది. అలాంటి పనికి పతకం ఉండదు, స్టేషన్ డైరీలో ఒక లైను ఉంటుంది. ఆ లైను కూడా నేనే రాశాను: "వాహనం మరమ్మతు కారణంగా ట్రాఫిక్ మళ్లింపు, శాంతిభద్రతలు మామూలు."

2023లో నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ రెండూ సెప్టెంబరు 28నే పడ్డాయి. ముస్లిం పెద్దలు తమ ఊరేగింపును అక్టోబరు 1కి మార్చుకున్నారు. పేపర్లో రెండు పేరాల వార్త అది. అంతకుముందు పెద్దలతో ఎన్ని కూర్చోవడాలు, ఎన్ని చాయ్‌లు అయి ఉంటాయో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుస్తుంది. ఈ శాఖకు దేశంలో ఎవరికీ తీసిపోని విద్య ఒకటి ఉందంటే అది ఇదే.

ఈ విద్యకు రెండో ముఖం కూడా ఉంది. అది రాయకుండా వదిలేస్తే నేను రైటర్‌ని అని చెప్పుకోవడం దండగ. 1978 మార్చిలో నల్లకుంట స్టేషన్‌లో ఒక మహిళ తనపై పోలీసులు అత్యాచారం చేశారని చెప్పింది. ఆమె భర్త దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది. జనం స్టేషన్ మీదికి వచ్చారు, కాల్పులు, కర్ఫ్యూ. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల తప్పు ఉందని తేల్చింది. కేసు విచారణ కర్ణాటకకు మారింది, చివరికి నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. కస్టడీ అత్యాచారాలపై 1983లో దేశం చట్టం మార్చుకోవడానికి వెనక ఉన్న ఘటనల్లో ఇదొకటి. నేను చేరేనాటికి ఏళ్లు గడిచినా, ఆ స్టేషన్ పేరెత్తితే సీనియర్లు మాట మార్చేవాళ్లు.

1990 డిసెంబరు హిందూ ముస్లిం అల్లర్లప్పుడు నేను కుర్ర కానిస్టేబుల్‌ని. వంద మందికి పైగా చనిపోయారు. కర్ఫ్యూలో పాతబస్తీ గల్లీ మొదట్లో లాఠీ పట్టుకుని నిలబడితే, కిటికీ సందులోంచి ఒక ముసలమ్మ పాల గిన్నె బయటకు చాపి ఊపుతూ ఉండేది. ఆమె హిందువో ముస్లిమో నాకు ఇప్పటికీ తెలియదు, చెయ్యి మాత్రమే కనిపించేది. పాలబండిని లోపలికి వదలమని ఆదేశం రావడానికి రెండు రోజులు పట్టింది.

గుంపును కాయడం అలవాటైన శాఖకు మనిషిని కూడా గుంపులో భాగంగా చూసే జబ్బు వస్తుంది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. పేలుడులో పోయినవాళ్లు కాక, తర్వాత జరిగిన పోలీసు కాల్పుల్లో కూడా మనుషులు పోయారు. పాతబస్తీ కుర్రవాళ్లను చాలామందిని పట్టుకొచ్చారు. ఆ కేసులు కోర్టుల్లో నిలబడలేదు. అదే ఏడాది ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లలో 42 మంది చనిపోయారు. గల్లీని మొత్తం అనుమానించడం తేలిక. ఒక్క మనిషిని, ఒక్క ఆధారంతో పట్టుకోవడమే కష్టం. ఆ కష్టమైన పనికి కావలసిన తీరిక మాకు చిక్కేది తక్కువ.

తీరిక లేదంటే నమ్మరు కాబట్టి స్టేషన్ లోపల ఏం జరుగుతుందో చెబుతాను. తలుపు దగ్గర సెంట్రీ ఉంటాడు, పక్కన రిసెప్షన్. లోపల బల్ల మీద జనరల్ డైరీ, మా మాటలో జీడీ. ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉండే పుస్తకం అది. ఎవరు ఎన్నింటికి బయటకు వెళ్లారు, ఎన్నింటికి వచ్చారు, ఏ ఫోను వచ్చింది, ఎవర్ని తెచ్చారు అన్నీ వరుస నంబర్లతో అందులో పడాలి. ఇప్పుడు అది కంప్యూటర్‌లోకి మారింది, అయినా "జీడీలో పడిందా?" అన్న ప్రశ్న మారలేదు. పొద్దున రోల్‌కాల్‌లో మనుషుల్ని పంచుతారు. కోర్టు డ్యూటీకి ఒకరు, సమన్లకు ఒకరు, ఆసుపత్రికి ఒకరు, పాస్‌పోర్టు విచారణకు ఒకరు, బ్లూ కోల్ట్స్ బైకుల మీద గస్తీకి కొందరు, పెట్రోకార్‌లో కొందరు. ఆ పైన కంట్రోల్ రూం నుంచి వైర్‌లెస్‌లో వినిపిస్తుంది: "ఫలానా చోటికి ఒక ఎస్సై, పది మంది." అక్కడితో పొద్దున వేసుకున్న పట్టిక చెదిరిపోతుంది. మిగిలేది రైటరూ, సెంట్రీ, ఇద్దరు హోంగార్డులూ. సరిగ్గా అప్పుడే మీలాంటివారు వస్తారు.

ఒక దొంగతనం కేసుకు ఫిర్యాదు, ఎఫ్ఐఆర్, స్థలం పంచనామా, సాక్షుల వాంగ్మూలాలు, దొరికితే సొత్తు స్వాధీనం పంచనామా, రిమాండ్ రిపోర్టు, కేస్ డైరీ, చార్జిషీటు కావాలి. పంచనామాకు పంచులుగా, అంటే చూసి సంతకం పెట్టే సాక్షులుగా, రమ్మంటే పక్కింటివాళ్లు తలుపు వేసుకుంటారు. రేపు కోర్టు చుట్టూ తిప్పుతారని భయం, తప్పు పట్టలేం. సెక్టార్ ఎస్సై చేతిలో ఇలాంటి ఫైళ్లు పదుల్లో ఉంటాయి. బందోబస్తు నుంచి రాత్రి పదకొండింటికి వచ్చి, బూట్లు విప్పకుండానే కేస్ డైరీ రాసే ఎస్సైలను చూశాను. బందోబస్తు పేరు చెప్పి ఇంట్లో నిద్రపోయేవాళ్లనూ చూశాను.

మిగతా విభాగాల గురించి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. పెద్ద మోసాలు, భారీ దొంగతనాలు సీసీఎస్‌కు (సెంట్రల్ క్రైమ్ స్టేషన్) వెళతాయి. కమిషనర్ టాస్క్‌ఫోర్స్‌కు ఫైళ్ల బరువు తక్కువ, పేరు ఎక్కువ. వాళ్లు పట్టుకుని ప్రెస్‌మీట్ పెట్టాక కాగితాలు మాత్రం స్టేషన్ రైటర్ దగ్గరికే వస్తాయి. సమాచారం సేకరించే స్పెషల్ బ్రాంచ్ చెవులు, సాయుధ బలగమైన సీఏఆర్ చేతులు. మత్తుపదార్థాల మీద 2022లో హెచ్-న్యూ అనే ప్రత్యేక విభాగం వచ్చింది. నేను చూసినంతలో జనానికీ పోలీసుకూ మధ్య నిజంగా కొంత దూరం తగ్గించినవి షీ టీమ్స్. 2014 అక్టోబరులో మొదలయ్యాయి. మఫ్టీలో బస్టాపుల దగ్గర నిలబడి వేధించేవాణ్ని వీడియో సహా పట్టుకుంటారు. అంతకుముందు అలాంటి ఫిర్యాదుతో ఆడపిల్ల స్టేషన్ మెట్లెక్కితే, "ఆ టైములో అక్కడెందుకున్నావమ్మా" అని అడిగినవాళ్లు మాలోనే ఉన్నారు. 2024 డిసెంబరులో ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నప్పుడు, ఇంట్లో టీవీ ముందు కూర్చుని చాలాసేపు ఆలోచించాను. మా కాలంలో వాళ్ల పేరు పెట్టీ కేసుల రిజిస్టరులో తప్ప కనిపించేది కాదు.

నగరం పెరిగేకొద్దీ హద్దులూ మారాయి. 2003 ప్రాంతంలో సైబరాబాద్ కమిషనరేట్ వేరైంది, 2016లో అందులోంచి రాచకొండ వచ్చింది. 2023లో నగరంలోని అయిదు జోన్లు ఏడయ్యాయి. జనానికి ఇదంతా ఒకే ఊరు. పోలీసు పటంలో మాత్రం గీతలు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో నిమిషాల తేడాతో రెండు బాంబులు పేలాయి. నడిచిపోయేంత దూరమే. అయినా ఒకటి నగర పోలీసుకు చెందిన మలక్‌పేట స్టేషన్ కేసు, ఇంకోటి అప్పటి సైబరాబాద్‌లోని సరూర్‌నగర్ స్టేషన్ కేసు. రెండు ఎఫ్ఐఆర్‌లు. తర్వాత జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ రెండింటినీ తీసుకుంది.

కెమెరాల గురించి వెటకారంగా రాశారు. వాటి కథ కూడా గుంపుతోనే మొదలైంది. జనం పోగయ్యే ప్రతి దుకాణం, సంస్థ కెమెరాలు పెట్టాలని 2013లో ప్రజాభద్రత చట్టం వచ్చింది. కాలనీలవాళ్లు చందాలు వేసుకుని పెట్టుకునేలా "నేను సైతం" అని పోలీసులు ప్రోత్సహించారు. అవి దొంగను పట్టించిన కేసుల్లో నాకు నచ్చింది 2018 సెప్టెంబరులో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో జరిగిన దొంగతనం. వెంటిలేటరు గుండా తాడుతో దిగి, వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా, కప్పు, సాసరు, స్పూను పట్టుకుపోయారు. పాత కమిషనర్ కార్యాలయం కూడా పురానీ హవేలీలోనే ఉండేదని గుర్తు చేసుకుంటే మా వాళ్ల ముఖాలు ఎలా ఉండి ఉంటాయో ఊహించవచ్చు. కెమెరాలో ఒకడు ఫోన్లో మాట్లాడుతున్నట్టు కనిపించాడు. చుట్టుపక్కల టవర్ల నుంచి కాల్ వివరాలన్నీ తెప్పించి జల్లెడ పట్టారు. తీరా తేలిందేమిటంటే ఆ ఫోన్లో సిమ్మే లేదు! పోలీసులను తప్పుదారి పట్టించడానికి ఉత్తినే చెవికి ఆనించుకుని నడిచాడు. చివరికి వారం పది రోజుల్లో ఇద్దరూ దొరికారు, సొత్తూ దొరికింది. ఇరవై బృందాల దాకా పనిచేశాయని అప్పట్లో చెప్పారు. మీ ఫోనుకు ఇరవై బృందాలు రావు. అది అన్యాయమే, కాదనను.

కెమెరా అందరినీ చూస్తుంది, దొంగను మాత్రమే కాదు. దారిన పోయేవాళ్లను ఆపి ముఖం ఫోటో తీసుకోవడం మీద హైకోర్టులో కేసు పడింది. పడాల్సిందే. 2022 ఆగస్టు 4న ప్రారంభమైన కమాండ్ కంట్రోల్ సెంటర్‌కు నేను ఒకసారి పాత మిత్రుడి వెంట వెళ్లాను. గోడంత తెర, తెర నిండా కూడళ్లు. అక్కడ కూర్చున్న కుర్రవాడు మాకు గర్వంగా చూపించింది ఏమిటనుకున్నారు? నిమజ్జనం దారి. పనిముట్లు మారినా కొత్వాల్ చూపు మొదట పడేది ఊరేగింపు మీదే.

ఇక మీ ఫోను. కింద చెప్పినవి ఈ వారమే చేయండి.

ఫోను డబ్బా వెతికి, దాని మీదున్న ఐఎంఈఐ నంబరు (ఆ ఫోనుకే ప్రత్యేకమైన గుర్తింపు నంబరు) రాసుకోండి. మీ పాత మొబైల్ నంబరుతోనే కొత్త సిమ్ తీసుకోండి, ఓటీపీలకు అది కావాలి. ఫిర్యాదులో "పోయింది" అని రాస్తే ఒక దారి, "దొంగిలించారు" అని రాస్తే ఇంకో దారి. జేబులోంచి తీశారని మీకు నమ్మకముంటే అదే మాట రాయండి. బస్సు ఎక్కడ ఎక్కారు, ఎక్కడ చూసుకున్నారు, రూటు నంబరు, టైము రాయండి. బస్సు ఏ స్టేషన్ పరిధిలో ఉండగా పోయిందన్నది మీరు తేల్చక్కర్లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్, అంటే పరిధి చూడకుండా రాసుకునే ఎఫ్ఐఆర్, రాయాలి. ఆన్‌లైన్‌లో కూడా పంపవచ్చు, మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం. రాయనంటే వాదనకు దిగకండి. అదే ఫిర్యాదును తేదీతో సహా డీసీపీ కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆ తర్వాత కూడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లే హక్కు అదే సెక్షన్‌లో ఉంది. పోస్టు రశీదు చూపిస్తే చాలాసార్లు అంత దూరం వెళ్లాల్సిన పని రాదు. ఫిర్యాదు రశీదు చేతికి రాగానే పోయిన ఫోన్ల కోసం కేంద్రం నడిపే సీఈఐఆర్ పోర్టల్‌లో ఐఎంఈఐ నంబరు బ్లాక్ చేయండి. ఎవరైనా అందులో సిమ్ వేస్తే సమాచారం స్టేషన్‌కు వస్తుంది. తెలంగాణలో 2023 నుంచి ఇలా తిరిగి దొరికిన ఫోన్లు చాలానే ఉన్నాయి. ఫోన్లో బ్యాంకు యాప్ ఉండి డబ్బు కూడా పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి, ఎస్సై కోసం ఆగకండి.

స్టేషన్‌కు వెళ్లే టైము కూడా చూసుకోవాలి. పొద్దున పదకొండు ప్రాంతంలో రైటర్ బల్ల దగ్గర ఉంటాడు, ఇన్‌స్పెక్టర్ కూడా ఉండే అవకాశం ఉంది. ముందు రోజు సాయంత్రం స్టేషన్‌కు ఫోన్ చేసి, రేపు ఎక్కడైనా ఊరేగింపు ఉందా అని మర్యాదగా అడగండి. మీరు పాతబస్తీ వైపు ఉంటే శుక్రవారం మధ్యాహ్నం మాత్రం వెళ్లకండి, ఎవరూ ఉండరు.